ఫొటోలో కనిపించని నాణెం

ఒక వెండి రూపాయి. ఒకవైపు ఆరో జార్జి చక్రవర్తి తల, మరోవైపు 1939 అన్న అంకెలు. ఆన్‌లైన్ వేలంలో దాని ఫొటో తళతళ మెరుస్తోంది. ‘మా తాతగారి ఇనప్పెట్టెలో దొరికింది’ అని అమ్మకందారు రాశాడు. అంత అరుదైన నాణేనికి పలకాల్సిన ధరతో పోలిస్తే అడుగుతున్నది చాలా తక్కువ. వేలం ముగియడానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది. కొనాలా, వద్దా?

ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నవారు బిలాస్‌పూర్‌లోని ఏదో ఒక రైల్వే క్వార్టర్‌లో ఉన్నారనుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరు ఇవాళ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు ప్రధాన కేంద్రం. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి వచ్చింది. ఆ రైలు వెంటే పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. ఆ తరం చేతుల్లో ఆడింది వెండి రూపాయలే. కొన్ని ఖర్చయిపోయాయి, కొన్ని కంసాలి కొలిమిలో కరిగిపోయాయి, మిగిలినవి దేవుడి గూట్లోనో, ట్రంకు పెట్టె అడుగునో ఉండిపోయాయి. వాటి ధర ఎంతో మనవళ్లు ఇప్పుడు ఫోన్‌లో వెతుకుతున్నారు. అలా వెతికేవారిలో కొనబోయేవారూ ఉంటారు, అమ్మబోయేవారూ ఉంటారు. మోసగాళ్లకు ఇద్దరూ కావాలి.

నకిలీ నాణేన్ని పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాలే కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ నకిలీలు ఒక మామూలు తర్కం దగ్గరే దొరికిపోతాయి. నాణెం మీద ఉన్న ఆధారాలన్నీ ఒకే కథ చెప్పాలి. సంవత్సరం చెప్పేదాన్ని లోహం కాదనకూడదు. అరుగుదల చెప్పేదాన్ని బరువు కాదనకూడదు. నకిలీ చేసేవాడు ఒక సాక్షిని దిద్దగలడు, ఇద్దరిని దిద్దగలడు. అందరి చేతా ఒకే మాట పలికించడమే కష్టం.

రెండు తొమ్మిదులు

బ్రిటిష్ ఇండియా రూపాయల్లో 1939 నాటిది చాలా అరుదైనది. 1938 రూపాయి మాత్రం తేలిగ్గానే దొరుకుతుంది. రెండింటి లోహం ఒకటే, బరువు ఒకటే, బొమ్మ ఒకటే. తేడా అల్లా చివరి అంకె. 8 అంకెలో కింది సున్నా ఎడమ అంచును సన్నని ఉలితో చెక్కేస్తే అది 9 అయి కూర్చుంటుంది. అందుకే దిద్దిన 1939లు పుట్టుకొస్తాయి. వీటిని పూర్తిగా నకిలీ అనలేం. అసలైన టంకశాల నాణేనికే సంవత్సరం మార్చారు. బరువు తూచినా, ఎక్స్-రే పెట్టినా అన్నీ సరిగ్గానే వస్తాయి.

కానీ 1939లో తొమ్మిదులు రెండున్నాయి. రెండో స్థానంలోది టంకశాల పెట్టింది, దాన్నెవరూ ముట్టుకోలేదు. నాలుగో స్థానంలోది అనుమానితుడు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద రెంటినీ పక్కపక్కన చూడాలి. తోక వంపు, గీత మందం, పైసున్నా ఆకారం ఒకే చేతి రాతలా ఉన్నాయా? చెక్కినచోట నేల చదునుగా ఉందా, లేక సన్నటి గీతలో, చిన్న గుంతో కనిపిస్తోందా? నాణెం ముద్ర పడేటప్పుడు లోహం విపరీతమైన ఒత్తిడికి ద్రవంలా జారి అచ్చులోని పల్లాల్లోకి ఎక్కుతుంది. ఆ ప్రవాహపు సూక్ష్మమైన గీతలు మధ్య నుంచి అంచు వైపు వ్యాపించి ఉంటాయి. కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే బండిచక్రపు ఆకుల్లా వెలుగు తిరిగేది వాటి వల్లే. ఉలి తగిలినచోట ఆ వెలుగు తెగిపోతుంది. పాలిష్ పెడితే ఉలి గాటు పోవచ్చు, తెగిన వెలుగు మాత్రం తిరిగి రాదు.

అమెరికాలోనూ సరిగ్గా ఇదే ఉపాయం పన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వల్ల అక్కడి 1943 సెంటును జింకు పూసిన ఉక్కుతో ముద్రించారు. పొరపాటున కొన్ని మాత్రం కంచు బిళ్ళల మీద పడ్డాయి. అవి అపురూపమైపోయాయి. ఇక మోసగాళ్లు 1948 సెంటులో 8ని ఎడమవైపు చెక్కి 3 చేశారు, ఉక్కు సెంటుకు రాగి పూత కూడా పూశారు. పూత పూసినదాన్ని అయస్కాంతం క్షణంలో పట్టేస్తుంది. చెక్కినదానికి మాత్రం మళ్ళీ భూతద్దమే దిక్కు.

ఏనుగు, పంది

1911లో అయిదో జార్జి పేరుతో కొత్త రూపాయి విడుదలైంది. చక్రవర్తి అంగవస్త్రం మీద అలంకారంగా ఒక చిన్న ఏనుగు ఉంది. దాని తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా కనిపిస్తోందని జనంలో కలకలం రేగింది. దాదాపు 94 లక్షల రూపాయలు ముద్రించినా, సుమారు 7 లక్షలు మాత్రమే చలామణీలోకి వెళ్లాయి. మిగతావి కరిగించారు. 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా ఏనుగును తిరిగి చెక్కారు. నాణేలు సేకరించేవారు 1911 నాటిదాన్ని ఇప్పటికీ ‘పంది రూపాయి’ అనే పిలుస్తారు.

1912 చివర ఉన్న 2ను 1గా దిద్దినవాడు వెనకవైపు సంవత్సరం మార్చగలడు. ముందువైపు ఏనుగు మాత్రం 1912 ఏనుగుగానే ఉండిపోతుంది. 1911 అని రాసి ఉండి, తొండం నిటారుగా కనిపిస్తే ఇక తూనిక అవసరం లేదు, భూతద్దమూ అవసరం లేదు. అందుకే నాణేనికి రెండు వైపుల ఫొటోలూ ఉండాలి. ఒక్కవైపే చూపించే ప్రకటన సగం సాక్షులను దాచిపెట్టినట్టే.

స్వతంత్ర భారత నాణేలకు టంకశాల గుర్తు ఇలాంటి రెండో సాక్షి. ముంబై వజ్రం, హైదరాబాద్ నక్షత్రం, నోయిడా చుక్క సంవత్సరం కింద కనిపిస్తాయి. కోల్‌కతా నాణేనికి గుర్తు ఉండదు. హైదరాబాద్ టంకశాల వేర్వేరు కాలాల్లో నక్షత్రంతోపాటు చీలిన వజ్రం, చుక్క ఉన్న వజ్రం కూడా వాడింది. ఒక సంవత్సరంలో ఒక టంకశాల నాణెం అరుదైతే, మామూలు నాణేనికి ఆ గుర్తు అతికించడానికో, ఉన్నదాన్ని గీకేయడానికో ఎవడో ఒకడు సిద్ధంగా ఉంటాడు. అతికించిన నక్షత్రం చుట్టూ సన్నని చీలిక గీత ఉంటుంది. ముద్ర పడిన నక్షత్రం నాణేనికి మొలిచినట్టు ఉంటుంది.

నీళ్ల గ్లాసు చెప్పే మాట

రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన తులం పుట్టింది ఇక్కడే. ఇప్పుడు నగల దుకాణాల్లో తులమంటే 10 గ్రాములని లెక్కేస్తున్నారు గానీ, అసలు తులం వెండి రూపాయి ఎత్తే. 1939 వరకూ దానిలో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించి రాగి, నికెల్, జింకు కలిపారు. 1947 రూపాయి పూర్తిగా నికెల్‌తో చేసింది.

ఈ మార్పులు తెలిసినవారికి ఆర్కిమెడిస్ సూత్రం మంచి ఆయుధం. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ తూనిక మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి, అంకెను సున్నా చెయ్యాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోవాలి. అప్పుడు తూనిక చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. అంటే ఘన సెంటీమీటర్లలో దాని ఘనపరిమాణం. 91.7 శాతం వెండి రూపాయి అయితే అది 1.13 దగ్గర నిలుస్తుంది. గాలిలో బరువును దీనితో భాగిస్తే సాంద్రత 10.3. సగం వెండి ఉన్న రూపాయి అదే బరువుకు 1.22 చూపుతుంది. వెండి చుక్కయినా లేని జర్మన్ సిల్వర్ దాదాపు 1.3 దాకా వెళ్తుంది.

ఇంకోలా చూస్తే, జర్మన్ సిల్వర్‌తో బరువు కుదిర్చినవాడికి నాణెం ఘనపరిమాణం ఆరో వంతుకు పైగా పెరిగి తీరుతుంది. వెడల్పు 30.5 మిల్లీమీటర్ల దగ్గర సరిపెడితే మందం పెరుగుతుంది. మందం సరిపెడితే వెడల్పు పెరుగుతుంది. రెండూ సరిపెడితే బరువు తగ్గిపోతుంది. మూడు కొలతలనూ ఒకేసారి మోసం చెయ్యడానికి వెండి సాంద్రతే ఉన్న చవక లోహం కావాలి, అది అంత తేలిగ్గా దొరకదు. బంగారానికి మాత్రం టంగ్‌స్టన్ ఉంది. రెండింటి సాంద్రతలూ 19.3 చుట్టూ తిరుగుతాయి. కాబట్టి బంగారం విషయంలో నీళ్ల గ్లాసు మీద పూర్తిగా ఆధారపడకూడదు.

ఈ పరీక్షలో చిన్న జాగ్రత్తలు రెండున్నాయి. నాణేనికి అంటుకున్న గాలి బుడగలు లెక్క చెడగొడతాయి. తూనికలో 0.01 తేడా వచ్చినా సాంద్రతలో 0.1 మారుతుంది. 10.3కూ 9.5కూ తేడా చెప్పగలం గానీ 10.3కూ 10.2కూ చెప్పలేం.

బరువుకు మరో సాక్షి అరుగుదల. చేతులు మారిన నాణెం అరుగుతుంది, అరిగితే బరువు తగ్గుతుంది. చక్రవర్తి చెవి, కిరీటం నగిషీ నున్నగా అరిగిపోయి కనిపిస్తూ, తూనిక మీద పూర్తి 11.66 వస్తే సంతోషించాల్సిన పని లేదు. అది అరిగిన నాణెం కాదు, అరిగినట్టు తయారైన నాణెం.

అయస్కాంతం గురించి ఒక అపోహ ఉంది. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు అనుకుంటారు. 1947 నికెల్ రూపాయి అసలైతేనే అంటుకుంటుంది. వెండికి అంటుకోదు. కానీ రాగికీ, సీసానికీ, ఇత్తడికీ కూడా అంటుకోదు. వెండికి మంచి పరీక్ష జారుడు. నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని దాని మీద చిన్న నియోడైమియం అయస్కాంతాన్ని వదిలితే అది తేనెలో జారినట్టు మెల్లగా దిగుతుంది. కదిలే అయస్కాంతం లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. అవి దాని కదలికనే అడ్డుకుంటాయి. మామూలు ఉష్ణోగ్రత దగ్గర విద్యుత్తును అన్నిటికన్నా బాగా ప్రవహింపజేసే లోహం వెండి కాబట్టి ఆ అడ్డు బలంగా ఉంటుంది. జర్మన్ సిల్వర్ మీద అయస్కాంతం జర్రున జారిపోతుంది.

ఒకే గీత రెండు చోట్ల

ఇప్పటిదాకా చెప్పిన పరీక్షల్లో చాలావాటికి నాణెం చేతిలో ఉండాలి. ఆన్‌లైన్ వేలంలో ఉండేది ఫొటో ఒక్కటే. బరువు, అంచు, మోత, జారుడు ఏవీ అందులో కనిపించవు. వెలుతురు నేరుగా, మెత్తగా పడేలా తీస్తే ఉలి గాట్లు కూడా మాయమవుతాయి. అదే వెలుతురు పక్క నుంచి, నేలబారుగా పడితే పొద్దుటి ఎండలో పొలం గట్లు కనిపించినట్టు ప్రతి గీతా నీడ వేస్తుంది.

అయినా ఫొటోలకు ఒక బలం ఉంది. ఇంట్లో కూర్చుని వందల నాణేల ఫొటోలు పోల్చవచ్చు. గట్టి నకిలీల్లో చాలావాటిని అసలు నాణేన్ని నమూనాగా పెట్టుకుని అచ్చు తీసి తయారుచేస్తారు. అసలు నాణెం మీద గీతలు, నొక్కులు ఉంటాయి. రాజు బుగ్గ మీద ఎప్పుడో పడిన గాటు కూడా అచ్చులోకి దిగుతుంది. ఆ అచ్చు నుంచి వచ్చే ప్రతి నకిలీ బుగ్గ మీదా అదే గాటు, అదే చోట, అదే వాలుతో ఉంటుంది. చలామణీలో పడిన గాటు ఒక్క నాణేనికే సొంతం. వేర్వేరు అమ్మకందారులు పెట్టిన రెండు నాణేల మీద ఒకే గాటు కనిపిస్తే వాటిలో కనీసం ఒకటి నకిలీ. తరచుగా రెండూ నకిలీలే. అదీకాకపోతే ఒకరి ఫొటోను మరొకరు దొంగిలించి పెట్టారు. ఫొటోతో వెతికే సదుపాయం దీన్ని కొన్ని క్షణాల్లో బయటపెడుతుంది.

పోల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తల పద్ధతి ఒకటి పనికొస్తుంది. 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను కనిపెట్టింది ఒకే ఆకాశం తాలూకు రెండు ఫొటోలను మార్చి మార్చి చూస్తూనే. మారనివన్నీ నిలకడగా ఉండగా, మారిన చుక్క ఒక్కటే గెంతుతూ కంటపడింది. అలాగే మ్యూజియం ఫొటోనూ వేలం ఫొటోనూ ఒకే వ్యాసానికి పెంచి, ఒకదాని మీద మరొకటి పెట్టి మారుస్తూ చూస్తే దిద్దిన అంకె గెంతుతుంది. రెండు ఫొటోలూ నిట్టనిలువుగా తీసినవై ఉండాలి. కెమెరా పక్కకు ఒరిగితే అక్షరాలన్నీ గెంతుతాయి.

కొక్కెం, చింతపండు

తెలుగు ఇళ్ల రూపాయలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దండలో గుచ్చడానికో, పిల్లల మెడలో వేలాడదీయడానికో కంసాలి అంచుకు చిన్న కొక్కెం టంకం పెట్టేవాడు, లేదా బెజ్జం వేసేవాడు. అలాంటి నాణేనికి సేకరణదారుల దగ్గర విలువ బాగా పడిపోతుంది. అందుకని కొందరు కొక్కెం తీసేసి, టంకాన్ని రాకి, అంచు గీతలను తిరిగి గీసి, ‘ఎవరూ ముట్టని నాణెం’ అని అమ్మకానికి పెడతారు. బెజ్జాన్ని వెండితో పూడ్చి, పోయిన అక్షరాన్ని మళ్ళీ చెక్కేవారూ ఉన్నారు. ముందు వెనక ఫొటోల్లో ఇది కనిపించదు. కొక్కెం సాధారణంగా తల పైభాగాన ఉంటుంది కాబట్టి అక్కడి అంచునే చూడాలి. టంకం వేడికి చుట్టూ వెండి రంగు మారి ఉంటుంది. తిరిగి గీసిన గీతల మధ్య దూరం సమానంగా రాదు.

రెండో చిక్కు చింతపండు. అమ్మే ముందు మెరవాలని పాత నాణేన్ని చింతపండుతోనో, ముగ్గుపిండితోనో తోమేస్తారు. వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వెండి కలిసి ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్ పొర అది. మొదట్లో ఆ పొర మీటరులో వందకోట్ల వంతు కొలతల్లో, కొన్ని పదుల నానోమీటర్ల మందమే ఉంటుంది. నీళ్ల మీద తేలే నూనె తెట్టులాగే అది రంగులు చూపుతుంది. పొర మందం పెరుగుతున్నకొద్దీ లేత బంగారు రంగు, ఎరుపు కలిసిన ఊదా, నీలం ఒక వరసలో వస్తాయి. సహజంగా రంగు తిరిగిన నాణెంలో ఆ వరస అంచు నుంచి లోపలికి మెల్లగా మారుతూ కనిపిస్తుంది. గంధకం రసాయనాలతో, వేడితో త్వరగా తెప్పించిన రంగులో వరస తప్పుతుంది, లేదా రంగు ఉన్నట్టుండి ఒక గీత దగ్గర ఆగిపోతుంది. దిద్దిన అంకె దగ్గర మాత్రమే ముదురు రంగుంటే అది దాచడానికి పూసిందని అనుమానించాలి.

తోమేస్తే ఈ సాక్ష్యమంతా కాలువలో కలిసిపోతుంది. ఇంట్లో నాణేలున్నవారు చెయ్యకూడని పని ఒక్కటే చెప్పాలంటే అదే.

పాతగా కనిపించేలా చెయ్యడం కొత్త విద్యేమీ కాదు. 1772లో పుట్టి 1830లో పోయిన జర్మన్ కార్ల్ విల్హెల్మ్ బెకర్ ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేలకు స్వయంగా అచ్చులు చెక్కినవాడు. తాజాగా కొట్టిన నాణేలను ఇనుప రజను నింపిన పెట్టెలో వేసి, దాన్ని గుర్రబ్బండిలో పెట్టుకుని షికారుకు వెళ్లేవాడట. దారి కుదుపులకు అవి ఒరుసుకుని శతాబ్దాల అరుగుదల తెచ్చుకునేవి. అతని అచ్చులు చివరికి బెర్లిన్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు వాటితోనే అతని నాణేలను గుర్తిస్తున్నారు.

ఒక్క నాణెం మీద నిలిచిన రాజు

వెండి రూపాయి నకిలీదైతే పోయేది కొన్నవారి డబ్బు. ప్రాచీన నాణెం నకిలీదైతే చరిత్రే తప్పుదారి పడుతుంది. బిలాస్‌పూర్ పరిసరాల్లో ఈ ప్రమాదం ఊహామాత్రం కాదు, ఎందుకంటే ఈ నేల చరిత్రలో పెద్ద భాగం నాణేల మీదే నిలబడింది.

పురాణాల్లోని ఆంధ్ర రాజుల పట్టికలో ఆపీలకుడు అన్న పేరుంది. పేరు తప్ప మరేమీ తెలియని ఆ రాజుకు ఆధారం బిలాస్‌పూర్‌కు తూర్పున, మహానది ఒడ్డున ఉన్న బాల్‌పూర్‌లో దొరికింది. అదొక రాగి నాణెం. ఏనుగు బొమ్మ, బ్రాహ్మీ లిపిలో ‘సివ సిరి ఆపీలక’ అన్న పేరు ఉన్న ఆ నాణేన్ని వెలుగులోకి తెచ్చినవారు ఆ ఊరికే చెందిన పండితుడు లోచన్ ప్రసాద్ పాండేయ్. శాతవాహనుల ప్రభావం ఇంత దూరం వచ్చిందని చెప్పడానికి చరిత్రకారులు దాన్ని చూపుతారు. ఆ మాటకు బలం నాణెం ఒక్కటే కాదు, అది ఎక్కడ దొరికిందో తెలియడం కూడా. ఊరూ పేరూ లేకుండా వేలంలో తేలిన శాతవాహన నాణెం నిజమైనదైనా ఇలాంటి సాక్ష్యం చెప్పలేదు. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన సిముకుని నాణేల విలువ కూడా ఇలాంటిదే. అవి ఎక్కడివో తెలుసు కాబట్టే పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు శాతవాహనుల తొలి దశను గురించి వాటి ఆధారంగా వాదించగలిగారు.

బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని రతన్‌పూర్ కలచురి రాజుల రాజధాని. 1921లో సోన్‌సరిలో దొరికిన నిధిలో దాదాపు 600 బంగారు నాణేలున్నాయి. జాజల్లదేవ, రత్నదేవ, పృథ్వీదేవ అన్న పేర్లతో, ఏనుగు మీదికి దూకుతున్న సింహం బొమ్మతో ఉండే కలచురి బంగారు నాణేలను నాణేల ప్రేమికులు ఇట్టే గుర్తుపడతారు. అంతకు ముందు శరభపురీయ రాజుల కాలంలో ఇక్కడ మరో విచిత్రమైన నాణెం నడిచింది. పలుచని బంగారు రేకును వెనక నుంచి ఒత్తి, ముందువైపు గరుడుడినీ, పెట్టె తలలున్న బ్రాహ్మీ అక్షరాల్లో ‘ప్రసన్నమాత్ర’ అన్న పేరునూ ఉబ్బెత్తుగా తేల్చేవారు. రేకు ఒత్తడానికి టంకశాల యంత్రం అక్కర్లేదు, నైపుణ్యం ఉన్న ఏ కంసాలైనా చెయ్యగలడు. అందువల్ల అలాంటివాటిలో ముద్ర బలం చూసి తేల్చే మార్గం మూసుకుపోతుంది. అక్షరాల తీరు, లోహం, దొరికిన చోటు మాత్రమే మిగులుతాయి.

ఇలాంటి చోట ప్రయోగశాల అవసరమవుతుంది. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరం నాణేన్ని గీయకుండానే ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయో చెబుతుంది. పూర్వం శుద్ధి చేసిన వెండిలో బంగారం, సీసం, బిస్మత్ జాడలు మిగిలిపోయేవి. ఇప్పటి విద్యుత్ శుద్ధిలో అవి దాదాపు పోతాయి. రెండు వేల ఏళ్ల నాటిదని చెప్పే వెండి మరీ స్వచ్ఛంగా ఉంటే అనుమానించాలి. అయితే ఈ పరికరం చూసేది పైపొరనే, కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల లోతు వరకు. మట్టిలో ఉన్న వెండి నాణెం పైభాగం నుంచి రాగి కరిగిపోయి వెండి శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. పూత పూసిన నకిలీ కూడా అలాగే కనిపించవచ్చు. కాబట్టి పరికరం ఇచ్చిన కాగితం ఒక్కటే తీర్పు కాదు. కొందరు అమ్మకందారులు ఆ కాగితాన్ని తాళపత్రంలా చూపిస్తారు. అందులో ఏ నాణేన్ని పరీక్షించారో ఫొటో ఉందో లేదో ముందు చూడాలి.

పోత గురించి కూడా తొందరపడకూడదు. అచ్చు కొట్టిన నాణెం కాకుండా కరిగించి పోసిన నాణెం మీద సన్నటి రంధ్రాలు, మెత్తబడిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటాయి. రూపాయి మీద ఇవి కనిపిస్తే అది నకిలీ. కానీ ప్రాచీన భారతంలో పోత నాణేలు కూడా చట్టబద్ధంగానే నడిచాయి. శాతవాహనుల సీసం నాణేలకు మరో పరీక్ష ఉంది. మట్టిలో సీసం మీద ఏర్పడే తెల్లటి కార్బొనేట్ పొర లోహంలోకి పాతుకుపోయి ఉంటుంది. జిగురుతో అంటించిన మట్టి అసిటోన్‌కు ఊడి వస్తుంది.

ప్రాచీన నాణేల విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. ‘మా పొలంలో నిన్న దొరికింది’ అన్న ప్రకటన అబద్ధమైతే మోసం, నిజమైతే నేరం.

బియ్యం లాగే బిళ్ళ

అన్ని మోసాలకూ ఇంత సూక్ష్మమైన పరీక్షలు అక్కర్లేదు. ‘ఈస్టిండియా కంపెనీ, 1818’ అని రాసి, రాముడి దర్బారు బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. దేనికీ నకలు కానివి, పూర్తిగా ఊహ నుంచి పుట్టినవి ఇవి. 1616 అని వేసిన బిళ్ళలూ ఉన్నాయి. వీటిలో ‘కాపర్ ఇరీడియం’ ఉందని, బియ్యాన్ని లాగుతాయని చెప్పే రైస్ పుల్లింగ్ మోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలియనివారు ఉండరు. ఇరీడియం బియ్యాన్ని లాగదు. ఏ లోహమూ లాగదు. బియ్యపు గింజ అయస్కాంతానికి అతి స్వల్పంగా దూరం జరిగే పదార్థం. గింజలు బిళ్ళ వైపు కదిలాయంటే గింజల్లో ఇనుప రజను, బిళ్ళ కిందో లోపలో అయస్కాంతం ఉన్నాయని అర్థం. బియ్యం ఇంటి డబ్బాలోంచి తెచ్చి చూపమంటే ప్రదర్శన అక్కడితో ముగుస్తుంది.

అమ్మేవారిని దోచే పద్ధతి వేరు. పాత అయిదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తామని నమ్మబలికి, ముందుగా పన్ను, కమిషన్, రిజిస్ట్రేషన్ ఖర్చు కట్టమంటారు. కొందరు రిజర్వ్ బ్యాంక్ పేరు, ముద్ర కూడా వాడారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తాము ఎలాంటి రుసుమూ వసూలు చెయ్యమని, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 4న ప్రకటించింది. డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చెయ్యాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బును ఖాతాల్లో నిలిపివేసే అవకాశం తగ్గిపోతుంది.

ఇక మిగిలింది ఆ నలభై నిమిషాలు. 1939 రూపాయి వేలంలో అమ్మకందారును అడగాల్సినవి ఎక్కువేమీ లేవు. తూనిక మీద నాణెం, అంకె కనిపించేలా ఒక ఫొటో. పక్క నుంచి దీపం పెట్టి సంవత్సరం దగ్గర తీసిన ఫొటో. అంచు చుట్టూ తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో. నాణెం గాజు పెట్టెలో సీలు వేసి ఉంటే దాని నంబరును ధ్రువీకరించిన సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, అక్కడి ఫొటోలోని గాట్లను ఇక్కడి గాట్లతో పోల్చాలి. నంబరు ఒక్కటే సరిపోలితే చాలదు, పెట్టెలకూ నకిలీలున్నాయి. సందేహం మిగిలితే నాసిక్ దగ్గర అంజనేరిలోని భారతీయ నాణేల పరిశోధన సంస్థ ప్రచురణల్లో గానీ, 1875లో మొదలైన రాయపూర్ మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో గానీ నిజమైన నాణేలు ఎలా ఉంటాయో చూడవచ్చు.

ఫొటోను వేళ్లతో పెద్దది చేస్తే రెండో అంకె తొమ్మిది తోక గుండ్రంగా లోపలికి వంగి కనిపిస్తుంది. చివరి తొమ్మిది తోక కొస తెగినట్టు మొండిగా ఉంది. దాని పక్కన, మెరుపు తిరగని చిన్న మచ్చ. అంచు వీడియో పంపమని రాసిన సందేశానికి, గడువు ముగిసేదాకా జవాబు రాలేదు.